కొటేషన్‌లో పేరు లేని భాగం

మంచిర్యాల జిల్లాలో గోదావరి ఉత్తరపు ఒడ్డున, 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న లక్సెట్టిపేట వంటి పట్టణంలో గేమింగ్ కంప్యూటరు కొనదలచిన కుటుంబానికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. పెద్ద కంపెనీ తన ఫ్యాక్టరీలో బిగించి అమ్మే పెట్టెను ఉన్నదున్నట్టు కొనడం ఒకటి, విడిభాగాలన్నీ తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకోవడం మరొకటి, ఈ రెండింటికీ నడుమ, ఏ భాగం ఏ కంపెనీది కావాలో ముందే చెప్పి, బిగించి పరీక్షించిన కంప్యూటరును తెప్పించుకోవడం మూడోది. ఈ మూడో పద్ధతిని వ్యాపారులు ‘కస్టమ్ బిల్డ్’ అంటారు. పాత అలవాటు కొద్దీ ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనేవారూ ఉన్నారు. ఆర్డరు మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో ఇచ్చినా, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ బజారులో ఇచ్చినా, ఫోనులోనే ఆన్‌లైన్‌లో ఇచ్చినా, పని మొదలయ్యేది కొటేషన్‌తోనే. ఆ కాగితం మీద ఏయే భాగాల పేర్లు మోడల్ నంబర్లతో సహా ఉన్నాయో, ఏవి లేవో చూస్తే ఆ యంత్రం ఎన్నేళ్లు నిలుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

భాగాలను ఇలా ఏరుకునే వీలు ఒక చారిత్రక సందర్భం వల్ల కలిగింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, త్వరగా మార్కెట్లోకి రావాలన్న తొందరలో, ఇంటెల్ ప్రాసెసర్‌ను, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌ను, బయట దొరికే ఇతర భాగాలను వాడి, దాని నిర్మాణ వివరాలను పుస్తకంగా అచ్చువేసింది. దానితో ఆ నమూనాకు సరిపోయే భాగాలను ఎవరైనా తయారుచేసే దారి తెరుచుకుంది. 1984లో టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న మైకేల్ డెల్, కొనేవారు కోరిన విధంగా కంప్యూటర్లు కూర్చి నేరుగా వారికే అమ్మే వ్యాపారాన్ని హాస్టల్ గదిలో మొదలుపెట్టాడు. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు కొలతలను, స్క్రూ రంధ్రాల స్థానాలను, కరెంటు కనెక్టర్లను స్థిరపరచడంతో, ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ కేబినెట్‌లో కూర్చోవడం సాధారణ విషయమైపోయింది. అయితే కొన్ని పెద్ద బ్రాండ్లు తమ రెడీమేడ్ పెట్టెల్లో ఈ ప్రమాణానికి లొంగని బోర్డులను, తమకే ప్రత్యేకమైన కనెక్టర్లను ఇప్పటికీ వాడుతున్నాయి. అలాంటి పెట్టెలో ఒక భాగం పోతే బజారులో దొరికే మరో భాగం దానికి అతకదు కనుక, సర్వీస్ సెంటర్ దూరమైన ఊళ్లకు ఏటీఎక్స్, మైక్రో ఏటీఎక్స్ కొలతల బోర్డుతో కట్టించుకున్న కంప్యూటరే నప్పుతుంది.

ప్రకటనల్లో ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్ కార్డు’ అని మూడే ముక్కలు కనిపిస్తాయి. ఇవి అబద్ధాలు కాకపోయినా వీటితో కొనేవారికి తెలిసేది బహు స్వల్పం. ఐ7 అనేది ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక శ్రేణి పేరు మాత్రమే. ఏ తరానిదో దాని తర్వాతి అంకెలు చెబుతాయి. 2013 నాటి ఐ7-4770 కన్నా 2022లో వచ్చిన చిన్న శ్రేణి ఐ3-12100 వేగమైనది. పైగా ఆ పాత ప్రాసెసర్ విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో లేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఆఫీసుల నుంచి వచ్చిన పాత డబ్బాలకు రంగు దీపాల కేబినెట్ తొడిగి ‘ఐ7 గేమింగ్ పీసీ’గా అమ్మే వ్యాపారం ఈ ఒక్క అక్షరం, ఒక్క అంకె మీదనే నడుస్తున్నది. గ్రాఫిక్ కార్డు సంగతీ అంతే. 2014 నాటి జీటీ 730లోనూ 4 జీబీ మెమరీ ఉన్న రకం ఉంది, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లోనూ 4 జీబీయే ఉంది; కానీ లెక్కలు చేసే చిన్న కేంద్రాలు మొదటిదానిలో ఎక్కువలో ఎక్కువ 384 ఉంటే రెండోదానిలో 896 ఉన్నాయి, అవి కూడా కొత్త తరానివి. మెమరీ పరిమాణాన్ని కార్డు శక్తిగా చెప్పడమంటే గిన్నె పెద్దదని చూపి వంట రుచిని పొగడటమే.

ఆటలో బొమ్మను గీసేది ఈ గ్రాఫిక్ కార్డే కాబట్టి, గేమింగ్ కంప్యూటరు ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా దానిదే అవుతుంది. అయితే ఎంత కార్డు కావాలో చెప్పేది మానిటర్. తెర మీది బొమ్మ పిక్సెల్ అనే చిన్న చుక్కల కూర్పు. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున దాదాపు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. కదలిక మృదువుగా కనిపించాలంటే సెకనుకు కనీసం 60 బొమ్మలు గీయాలి, అంటే సుమారు 12.4 కోట్ల చుక్కలకు రంగు నిర్ణయించాలి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను పూర్తిగా వాడుకోవాలంటే ఆ సంఖ్య 29.8 కోట్లు దాటుతుంది. 4కే తెర మీద ఒక్కో బొమ్మకే 82.9 లక్షల చుక్కలు. అందువల్ల ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్న ఇంట్లో 4కే కోసం చేసిన కార్డు కొనడం డబ్బు దండగ. 60 హెర్ట్జ్ తెర ముందు సెకనుకు 200 బొమ్మలు గీసే యంత్రాన్ని పెట్టినా కంటికి కనిపించేవి 60 మాత్రమే. వాలొరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలు కార్డు మీద తక్కువ భారం వేసి ప్రాసెసర్ వేగాన్ని కోరతాయి. సైబర్‌పంక్ 2077 వంటి కథా ప్రధానమైన ఆటలు కార్డునే పిండుతాయి. ఆడబోయే ఆటల పేర్లు, మానిటర్ కొలత, ఈ రెండూ చెప్పకముందే కార్డు పేరు చెప్పే అమ్మకందారు తన దగ్గర మిగిలిన సరుకును చూపిస్తున్నాడనుకోవడం తప్పు కాదు.

కార్డు పేరులోనూ మెలికలు ఉన్నాయి. 2025లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీ, 16 జీబీ మెమరీలతో అదే పేరు మీద అమ్ముడవుతున్నాయి. కార్డులోని మెమరీ, ఆటలోని గోడలు, చెట్లు, ముఖాల ఉపరితల చిత్రాలను చేతికందేలా పెట్టుకునే చోటు. అది నిండితే కార్డు వాటిని నెమ్మదైన మార్గంలో ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వచ్చి, ఆట మధ్యలో తట్టుకుని తట్టుకుని ఆగుతుంది. నాలుగైదేళ్లు వాడదలచిన వారు కొటేషన్‌లో ఈ జీబీ అంకెను కూడా రాయించుకోవడం అవసరం.

ప్రాసెసర్ విషయంలో లక్సెట్టిపేట వాసికి పనికివచ్చే సలహా ఒకటుంది, అది నగరవాసికి చెప్పే సలహాకు భిన్నమైనది. మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్‌లో, సొంత గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. కాస్త చవకగా వస్తాయి కనుక గేమింగ్ బిల్డుల్లో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. గ్రాఫిక్ కార్డు చెడిపోయి వారంటీ కోసం హైదరాబాద్ వెళ్లి, వారాల తరబడి అక్కడే ఉండిపోతే, ఎఫ్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటరు తెర మీద ఏమీ చూపించలేదు. ఎఫ్ లేని రకమైతే ఆటలు ఆడలేకపోయినా పిల్లల చదువు, ఇంటి పనులు ఆగవు. ఏఎండీ వారి రైజెన్ 7000 శ్రేణి నుంచి చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చిన్నపాటి గ్రాఫిక్స్ భాగం ఉంటున్నది. అంతకు ముందరి 5000 శ్రేణిలో ‘జీ’ అక్షరం ఉన్నవాటికే ఆ సౌకర్యం ఉంది. ఇంటెల్ 13, 14 తరాలవి, ముఖ్యంగా శక్తిమంతమైనవి, ఎంచుకునేవారు మరో సంగతి గమనించాలి: వోల్టేజీ హద్దు మీరడం వల్ల వాటిలో కొన్ని అస్థిరమవుతున్నాయని 2024లో తేలడంతో, ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టు నుంచి దిద్దుబాటు మైక్రోకోడ్‌ను విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పెంచింది. బోర్డులో కొత్త బయోస్, అంటే కంప్యూటరును మేల్కొలిపే తొలి సాఫ్ట్‌వేర్, ఎక్కించి ఇవ్వమని ఆర్డరులోనే కోరవచ్చు.

మదర్‌బోర్డును ఎంచుకోవడమంటే రాబోయే ఏళ్లలో ప్రాసెసర్ మార్చుకునే అవకాశాన్ని ఎంచుకోవడం. ప్రాసెసర్ కూర్చునే గూటిని సాకెట్ అంటారు. ఏఎండీ ఏఎం4 సాకెట్ 2017లో రైజెన్‌తో జనంలోకి వచ్చి, 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. 2022లో మొదలైన ఏఎం5కు 2027 దాకా మద్దతు ఉంటుందని కంపెనీ ప్రకటించింది. ఇంటెల్ సాకెట్లు ఇంతకన్నా త్వరగా మారుతూ వచ్చాయి. కొటేషన్‌లో ‘హెచ్610 బోర్డు’ అని మాత్రమే ఉంటే, ఆ పేరు చిప్‌సెట్‌ది, బోర్డుది కాదు. ఒకే చిప్‌సెట్‌తో నాసి బోర్డూ వస్తుంది, మేలైన బోర్డూ వస్తుంది.

ర్యామ్‌ను సాధ్యమైనంత వరకు ఒకే రకం రెండు కడ్డీలుగా తీసుకోవాలి. ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి సమాచారం తెచ్చుకోగలదు; ఒకే కడ్డీ పెడితే రెండో దారి ఖాళీగా పడి ఉంటుంది. పెట్టె మీద 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ఎంపికను తెరిస్తే తప్ప, సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది. బిగించి ఇచ్చిన కంప్యూటర్లలో ఆ మీట నొక్కకుండానే పంపడం మామూలే. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతున్నందువల్ల 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ ఆ ఏడాది డిసెంబరులో, సాధారణ వినియోగదారులకు తాను అమ్మే క్రూషియల్ బ్రాండును ఆపేస్తున్నట్టు ప్రకటించింది కూడా. ధర ఎక్కిన చోటే సరుకు మారే ప్రమాదం ఎక్కువ. ఎస్ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు: సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే, ఎన్‌వీఎంఈ నాలుగో తరం 7000 దాకా పోతుంది, అయినా ఆటలు తెరుచుకోవడంలో తేడా అంకెల్లో కనిపించినంత ఉండదు కాబట్టి, పేరున్న కంపెనీది 1 టీబీ ఎన్‌వీఎంఈ ఉంటే చాలు.

ఇంతవరకు చెప్పిన భాగాలు ఏ ఊరికైనా ఒక్కటే. కేబినెట్, ఎస్ఎంపీఎస్ అనే రెండింటిని మాత్రం ఊరును బట్టి ఎంచుకోవాలి, విచిత్రంగా కొటేషన్లలో పేరు లేకుండా పోయేవి తరచు ఇవే. ‘450 వాట్ల ఎస్ఎంపీఎస్’ అని, ‘ఆర్‌జీబీ గేమింగ్ కేబినెట్’ అని రాసి వదిలేస్తారు. కొన్న మనిషికి పైకి కనిపించేది కేబినెట్ రంగు, కనిపించనిది ఎస్ఎంపీఎస్ నాణ్యత. రెండింటా మిగిలేది బిగించినవాడికే.

ఎస్ఎంపీఎస్ అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై. గోడలోని 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే పెట్టె. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ దాదాపు పూర్తిగా 12 వోల్టుల తీగ మీదనే బతుకుతాయి. కాబట్టి పెట్టె మీద పెద్ద అక్షరాల వాట్లను కాక, పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, ఆ అంకెను 12తో హెచ్చించాలి. అక్కడ 37 ఉంటే 444 వాట్లు, అంటే 450 అన్న మాట నిజం. 16 మాత్రమే ఉంటే 192 వాట్లు, 450 అన్నది బొమ్మకు పెట్టిన పేరు. 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060 కార్డు, నిండు భారంలో నూటికి పైచిలుకు వాట్లు తీసుకునే ప్రాసెసర్, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ, బోర్డు కలిపి సుమారు 320 వాట్ల దాకా లెక్కేసుకుంటే, నిజమైన 550 వాట్ల ఎస్ఎంపీఎస్ నిశ్చింతగా సరిపోతుంది. 2004లో మొదలైన 80 ప్లస్ అనే ధ్రువీకరణ, గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం కంప్యూటరుకు చేరుతుందనీ మిగిలింది వేడిగా పోతుందనీ చెబుతుంది. బ్రాంజ్, గోల్డ్ అన్నవి అందులోని పై మెట్లు.

రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం, జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి కేంద్రం పొరుగునే ఉన్నా, వేసవి గాలిదుమారానికి తీగ తెగితే లక్సెట్టిపేటలోనూ కరెంటు పోతుంది, వచ్చేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది. బజారులో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. పై లెక్కలోని కంప్యూటరుకు, ఎస్ఎంపీఎస్‌లో వేడిగా పోయే వాటానూ మానిటర్ 30 వాట్లనూ కలిపితే ఆ యూపీఎస్ ఆట మధ్యలో, అంటే సరిగ్గా అవసరమైన క్షణంలో, చేతులెత్తేస్తుంది. 1000 వీఏ యూపీఎస్ తీసుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడపదలిస్తే అది స్క్వేర్ వేవ్ రకం కాక సైన్ వేవ్ రకం అయి ఉండాలి. ఎర్తింగ్ లేని మూడు రంధ్రాల ప్లగ్గు అలంకారమే కనుక, ఎలక్ట్రీషియన్‌తో ఆ తీగను పరీక్ష చేయించడం గ్రాఫిక్ కార్డు కొనకముందే జరగవలసిన పని. రోజుకు నాలుగు గంటలు 350 వాట్ల చొప్పున నెలకు 42 యూనిట్లు అదనంగా కాలతాయన్నది ఇంటి పెద్దకు ముందే చెప్పి ఉంచడం మంచిది. ఆ యూనిట్లు కరెంటు బిల్లును పై శ్లాబులోకి నెట్టవచ్చు.

ఇక వేడి. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఫ్యాన్ కూలరైనా, నీటి గొట్టాల లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గది గాలి కన్నా చల్లగా చేయలేవు. గది ఉష్ణోగ్రత మీద కొన్ని డిగ్రీలు కలిపి అక్కడ నిలబెడతాయి. 25 డిగ్రీల ఏసీ గదిలో 70 డిగ్రీల దగ్గర నడిచే ప్రాసెసర్, అదే పనికి 42 డిగ్రీల గదిలో 87కు దగ్గరవుతుంది. తట్టుకోగల హద్దు చేరగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనినే థ్రాట్లింగ్ అంటారు. శక్తికి డబ్బు పెట్టి, వేసవిలో ఆ శక్తిలో కొంత వదులుకోవడమన్నమాట. యంత్రాల వేగాన్ని చెప్పే వీడియోలు చాలావరకు చల్లని గదుల్లో తీసినవేనని గుర్తుంచుకుంటే, ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న కూలర్ బదులు పొడవాటి టవర్ కూలర్‌ను, ముందు భాగం అద్దంతో మూసుకుపోయిన కేబినెట్ బదులు జాలీ ముఖం ఉన్న కేబినెట్‌ను ఎందుకు అడగాలో అర్థమవుతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగేవి, వెనుక ఒకటి బయటికి తోసేది ఉంటే, లోపలికి వచ్చే గాలి ఎక్కువై, ధూళి ఫిల్టర్ గుండా మాత్రమే రావలసి వస్తుంది. వరికోతల నాళ్లలో లేచే దుమ్ము, సింగరేణి వైపు బొగ్గు పొడి, ఈ రెండింటికీ ఆ ఫిల్టరే అడ్డు. దాన్ని తీసి కడిగే వీలు ఉందో లేదో చూసుకోవాలి. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలి నేరుగా కేబినెట్‌కు కొట్టేలా పెట్టకూడదు, ఆ గాలిలోని తేమ ఎలక్ట్రానిక్ భాగాలకు మంచిది కాదు.

భాగాలన్నీ తేలాక మిగిలేది బిల్లు. కంప్యూటర్ల మీద 18 శాతం జీఎస్టీ ఉంది కనుక, బిల్లు వద్దంటే తక్కువకు ఇస్తామనే మాట బజారులో వినిపిస్తుంది. ప్రాసెసర్‌కు మూడేళ్లు, మంచి ఎస్ఎస్‌డీకి ఐదేళ్లు చొప్పున తయారీదారు ఇచ్చే వారంటీ బిల్లునూ సీరియల్ నంబరునూ చూసే నడుస్తుంది కాబట్టి, ఆ మాటకు ఒప్పుకోవడం నష్టానికి ఒప్పుకోవడమే. ‘గేమింగ్ పీసీ, 1’ అని ఒక్క వరుసలో రాసిన బిల్లు కూడా చాలదు. ప్రతి భాగం మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి, ఖాళీ పెట్టెలన్నీ కంప్యూటరుతో పాటే రావాలి. వివాదం వస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, దాని కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కరలేదు. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఉంది.

హైదరాబాద్ నుంచి కంప్యూటరు ఆర్టీసీ కార్గోలోనో ప్రైవేటు ట్రాన్స్‌పోర్టులోనో వచ్చేటప్పుడు, బరువైన గ్రాఫిక్ కార్డు కుదుపులకు ఊగి స్లాటు నుంచి కదలకుండా, బాగా ప్యాక్ చేసేవారు కేబినెట్ లోపల ఫోమ్ నింపుతారు. పెట్టె విప్పడం మొదలుకొని అంతా ఫోనులో వీడియో తీయండి. తర్వాత పక్క తలుపు తెరిచి, ఫోమ్ మొత్తం బయటికి తీసి, కార్డు స్లాటులో నిటారుగా ఉందో లేదో, బిల్లులోని పేర్లూ లోపలి భాగాల మీది పేర్లూ ఒకటేనో కాదో చూడండి. స్విచ్ వేయడం ఆ తర్వాతే.